సొంత ట్రాన్స్‌ఫార్మర్‌ని ఫోన్లో చూసుకోవడం ఎట్లా? పాలిష్ యూనిట్లోళ్లకి, మిల్లులోళ్లకి

ఎండలు ముదిరేకొద్దీ నాకొచ్చే ఫోన్లన్నీ ఒకటే రకం. "అన్నా, రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, పొద్దున వచ్చి చూస్తే ఆయిలంతా కింద ఉంది, ఇది ముందే తెలిసే దారి ఏమన్నా ఉందా?" ఉంది. తాడిపత్రి, బేతంచర్ల చుట్టుపక్కల బండల పాలిష్ యూనిట్లకి ప్యానెల్ పని చేస్తాను నేను, కొన్నేళ్లుగా ట్రాన్స్‌ఫార్మర్ లోడు, వోల్టేజీ, ఆయిల్ వేడి ఫోనుకి పంపే ఈ మానిటరింగ్ బాక్సులు కూడా పెడతాండాను. అడిగినోళ్లకల్లా ఫోన్లో అరగంట చెప్పే బదులు ఇక్కడ ఒకసారి రాసి పెడతాండా, చదువుకోండి.

ఒకటి మాత్రం ముందే చెప్తా. బాక్సు కొనడం, బిగించడం పెద్ద పని కాదు. అది చూపించే అంకె నిజమా కాదా అని సరిచూసుకోకుండా వదిలేస్తారు చూడండి, అక్కడే అందరూ దెబ్బ తింటాండారు. అందుకే ఆ భాగం ఎక్కువ రాసినా.

ఎవరి ట్రాన్స్‌ఫార్మర్ అనేది ముందు తేల్చుకోండి

ఇదంతా హెచ్‌టీ సర్వీసు (11 కేవీ కనెక్షన్) ఉండి, సొంతంగా 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్నోళ్ల కోసం. అది కూడా ఎల్‌టీ వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ మెయిన్ ప్యానెల్‌కి వచ్చే కేబుల్ దగ్గర. 11 కేవీ వైపున్న మీటరు, దాని సీటీ పీటీ (కరెంటునీ వోల్టేజీనీ మీటరుకి తగ్గట్టు తగ్గించి ఇచ్చేవి), సీళ్లు కరెంటు సప్లై చేసే కంపెనీ అయిన డిస్కమ్‌వి, వాటి జోలికి అస్సలు పోవద్దు. ఊర్లో, చేన్లో స్తంభాల మీదుండే ట్రాన్స్‌ఫార్మర్లు కూడా డిస్కమ్‌వే. వాటికి మనం తీగ ముక్క తగిలించినా 2003 విద్యుత్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు అయ్యే పని. రైతులు ఏం చేసుకోవచ్చో కింద వేరే రాసినా.

కావాల్సినవి

త్రీ ఫేజ్ మల్టీఫంక్షన్ మీటరు ఒకటి, వెనకాల ఆర్‌ఎస్ 485 పోర్టు (రీడింగులు మోడెమ్‌కి పంపే వైరు తగిలించేది) ఉండేది చూసి తీసుకోండి (పోర్టు లేనిది చవకగా వస్తాదని తెచ్చుకుంటే మళ్లీ మార్చాల్సిందే). సీటీలు మూడు (కేబుల్‌కి తొడిగి ఎంత కరెంటు పారతాందో కొలిచే రింగులు). 4జీ మోడెమ్ ఒకటి, బయటికి పెట్టుకునే యాంటెన్నాతో. ఆయిల్ వేడికి పీటీ 100 సెన్సారు (పైన చెప్పిన పీటీ కాదు, వేడిని కొలిచేది), మూడు వైర్లది, దాన్ని మోడ్‌బస్‌లోకి, అంటే మీటరు మోడెమ్ మాట్లాడుకునే భాషలోకి మార్చే చిన్న మాడ్యూలు. వోల్టేజీ తీసుకునే మూడు ఫేజులకీ 2 ఆంపియర్ల ఫ్యూజులు. సీటీలకి షార్టింగ్ లింకులుండే టెర్మినల్ బ్లాకు. ఒక సర్జ్ ప్రొటెక్టరు. ఐపీ 65 బాక్సు (దుమ్ము, నీళ్లు చొరబడనిది), గ్లాండ్లు (వైర్లు లోపలికి పోయే చోట బిగించేవి). కరెంటు పోయినాక ఆ కబురు చెప్పేంతసేపు మోడెమ్‌ని బతికించే చిన్న బ్యాటరీ. వీటికి తోడు ఒక మంచి క్లాంప్ మీటరు. ఇది లేకుండా మొదలే పెట్టొద్దు.

మీటరు, మోడెమ్ కలిపి ఒకే బాక్సులో రెడీమేడ్‌గా కూడా దొరుకుతాయి. ప్యానెల్ పని తెలిసినోళ్లు లేకపోతే అదే మేలు. కాకపోతే కొనకముందు రెండు అడగండి: ఏడాదికి సర్వర్ చార్జీ ఎంత, మా డేటా ఎక్సెల్‌లో దించుకోనిస్తారా లేదా. రెండో దానికి నీళ్లు నమిలితే వేరేవాళ్లని చూసుకోండి.

1. లెక్క వేసుకోండి

నేమ్‌ప్లేట్ మీదున్న కేవీఏని 1.33తో గుణిస్తే 433 వోల్టుల వైపు ఫుల్ లోడు ఆంపియర్లు వస్తాయి. 100 కేవీఏకి 133, 250కి 333, 315కి 420. దానికి కొంచెం పైనుండే సీటీ తీసుకోండి, 250 కేవీఏకి 400/5, 315కి 500/5 లేదా 600/5. "పెద్దది ఉంటే మంచిది కదా" అని 1000/5 తెస్తారు కొందరు, అట్ల తెస్తే రాత్రిపూట నాలుగు లైట్లు ఒక బోరు నడిచేటప్పుడు రీడింగు నమ్మేటట్లుండదు.

2. సిగ్నల్ చూడండి

బాక్సు యాడ పెట్టాలనుకుంటాండారో అక్కడే నిలబడి చూడండి, ఆఫీసు రూములో కాదు. రెండు కంపెనీల సిమ్ములు ఫోన్లో వేసి చూస్తే ఏది మేలో తెలిసిపోతాది. మోడెమ్‌లో సిగ్నల్ 0 నుంచి 31 దాకా చూపిస్తాది, 15 పైన ఉంటే బాగున్నట్టు, 10 లోపలుంటే యాంటెన్నా పైకెత్తాల్సిందే. జియోకి 2జీ లేదు కాబట్టి పాత 2జీ మోడెమ్‌లో జియో సిమ్ వేసి "నెట్‌వర్క్ రాలేదు" అని తల బాదుకోవద్దు.

ఆఫీసులో వైఫై ఉంటే అది వాడుకోవచ్చా అని అడగతారు. వాడుకోవచ్చు, కానీ కరెంటు పోతే రౌటరు కూడా పోతాది, మనకు మెసేజ్ కావాల్సింది అప్పుడే. రౌటరుకి యూపీఎస్ ఉంటేనే ఆ దారి.

3. షట్‌డౌన్, ఇక్కడ తొందర పడొద్దు

మెయిన్ బ్రేకర్ ఆపితే చాలు అనుకోవద్దు. బ్రేకరుకి పైనొచ్చే కేబుల్‌లో కరెంటు అట్లే ఉంటాది, మనం సీటీ తొడగాల్సింది దానికే. కాబట్టి ముందు యూనిట్ లోడంతా ఆపి, తర్వాత మెయిన్ ఆపి, ఆమీదట మీ ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందు 11 కేవీ లైన్ మీదుండే స్విచ్) తీయండి. లోడు మీద ఏబీ స్విచ్ లాగితే నిప్పు ఏ రేంజిలో లేస్తాదో చూసినోళ్లకి తెలుసు. లాగినాక మూడు బ్లేళ్లూ విడిపోయినాయో లేదో కింద నుంచి కళ్లతో చూడండి, తుప్పు పట్టిన స్విచ్‌లో రెండు తెరుచుకుని ఒకటి అతుక్కునే ఉండడం నేను చూసినా. పై లైన్ దగ్గర పని ఏదన్నా ఉంటే డిస్కమ్ వాళ్లతో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్లో కరెంటు ఆపినామనే అనుమతి) తీసుకోకుండా చేతులు పెట్టొద్దు. డిశ్చార్జి రాడ్‌తో ఎర్త్ చేయాలి. జనరేటరు ఉంటే దాని చేంజోవరు ఆఫ్‌లో పెట్టి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకోండి. సోలార్ ఉంటే దాన్నీ ఆపాలి. కెపాసిటర్ ప్యానెల్ ఉంటే కొన్ని నిమిషాలు ఆగండి.

ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాల్సిందే. చదివి సొంతంగా చేద్దామనుకునే ఓనర్లకి చెప్తాండా, మీరు 4వ స్టెప్ నుంచి 8 దాకా పక్కన నిలబడి సరిగ్గా చేస్తాండాడా లేదా అని చూడండి చాలు.

4. సీటీలు తొడగడం

సీటీ మీద పీ1, పీ2 అని రాసుంటాది. పీ1 ట్రాన్స్‌ఫార్మర్ వైపు, పీ2 లోడు వైపు, మూడింటికీ అట్లే. ఒక ఫేజుకి రెండు మూడు కేబుల్ రన్నులుంటే అన్నీ సీటీ లోపలి నుంచే పోవాలి, ఒక రన్ను బయట వదిలేస్తే దాంట్లో పారే కరెంటు లెక్కలోకే రాదు. తెరిచి మూసే స్ప్లిట్ కోర్ సీటీ అయితే మూతి రెండు వైపులా తుడిచి "టక్" మనేదాకా మూయండి. బండల పొడి సన్నగా ఇరుక్కున్నా రీడింగు తగ్గిపోతాది, మన యూనిట్లలో ఆ పొడి లేని చోటు యాడుంది చెప్పండి.

సీటీ సెకండరీ వైర్లు, అవే ఎస్1 ఎస్2, కరెంటు పారేటప్పుడు ఎప్పటికీ ఓపెన్‌గా వదలకూడదు. వదిలితే వందల వోల్టులు, ఒక్కోసారి వేలల్లో కూడా పుడతాయి, సీటీ కాలుతాది, ముట్టుకున్న మనిషికి ప్రమాదం. మీటరు తీయాల్సొస్తే ముందు టెర్మినల్ బ్లాకులో షార్టింగ్ లింకు వేసి ఆ తర్వాతే తీయాలి. మీటరు పక్కన ఒక చీటీ మీద ఇది రాసి అతికించండి, రేపు వేరే ఎలక్ట్రీషియన్ వస్తాడు, వానికి తెలియదు.

5. వోల్టేజీ వైర్లు

ఆర్, వై, బీ అనే మూడు ఫేజులు, న్యూట్రల్. ఫేజు వైరు మొదలయ్యే చోటే ఫ్యూజు పెట్టాలి, మీటరు దగ్గర కాదు. ఆర్ ఫేజు వోల్టేజీ ఆర్ సీటీకి ఎదురుగానే పోవాలి. ఇది చెప్పేదానికి సులభంగా ఉంటాది కానీ తారుమారయ్యేది ఇక్కడే.

6. ఆయిల్ వేడి

ట్రాన్స్‌ఫార్మర్ పైమూత మీద థర్మామీటర్ పాకెట్ ఉంటాది. అందులో ఆయిల్ పోసి సెన్సారు దింపండి. ఖాళీ పాకెట్‌లో దింపితే గాలి వేడి చూపిస్తాది, ఆయిల్ వేడి కాదు. పాకెట్ లేకపోతే ట్యాంకు గోడకి పైభాగంలో, ఆయిల్ లెవెల్ కిందికి వచ్చేటట్లు గట్టిగా బిగించి, మీద ఇన్సులేషన్ చుట్టండి, ఎండ తగలకూడదు. అసలు ఆయిల్ కంటే కొన్ని డిగ్రీలు తక్కువ చూపిస్తాది అని గుర్తు పెట్టుకోండి. దీనికోసం ఎవరూ ట్యాంకుకి చిల్లి కొట్టొద్దు, ఒకాయన నిజంగానే డ్రిల్లు తెచ్చినాడు, చేయి పట్టుకుని ఆపినా.

బయటి గాలి వేడికి ఇంకో సెన్సారు నీడలో పెట్టండి. అది ఎందుకో అలారాల దగ్గర చెప్తా.

7. బాక్సు

ఎండ పడని పక్క పెట్టండి, ఉత్తరం గోడ అయితే మేలు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 42, 43 డిగ్రీలు ఉంటాది, ఎండలో పెట్టిన ఇనప బాక్సు లోపల ఎంతుంటాదో మీరే ఊహించుకోండి. ఫోన్లలో ఉండే రకం లిథియం బ్యాటరీ ఆ వేడికి ఉబ్బిపోతాది, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం తీసుకోండి. గ్లాండ్లన్నీ కింది పక్కనే ఉండాలి, పైన చిల్లి పెడితే తొలివానకే నీళ్లు దిగుతాయి. యాంటెన్నా బాక్సు బయట. ఇనప బాక్సు లోపల యాంటెన్నా పెట్టి సిగ్నల్ రాలేదంటే ఎట్ల వస్తాది?

8. మీటరు, మోడెమ్ కలపడం

రెండు పేటల షీల్డు వైరు వాడండి, షీల్డు ఒక కొసనే ఎర్త్ చేయండి. మీటరులో స్లేవ్ ఐడీ (మీటరుకిచ్చే నంబరు), బాడ్ రేటు (డేటా పోయే స్పీడు, మామూలుగా 9600) ఏం పెట్టినారో మోడెమ్‌లో అవే పెట్టాలి. కమ్యూనికేషన్ రాకపోతే ముందు 485 పోర్టు ఏ, బీ వైర్లు అటూ ఇటూ మార్చి చూడండి, సగం కేసులు అక్కడే తీరిపోతాయి. కమ్యూనికేషన్ వచ్చి అంకెలు మాత్రం పిచ్చిగా, వోల్టేజీ లక్షల్లో వస్తాంటే అది బైట్ ఆర్డర్ తేడా, అంటే అంకె ముక్కల్ని తారుమారుగా చదువుతాంది. సెట్టింగులో మార్చేది ఉంటాది.

నిమిషానికి ఒకసారి చదవమని, 15 నిమిషాలకి ఒకసారి పంపమని పెట్టండి. అలారం వస్తే మాత్రం వెంటనే పంపాలి.

9. అలారాలు తక్కువ పెట్టండి

నేను మొదట్లో చేసిన పెద్ద తప్పు ఇది. ఉన్నవన్నీ ఆన్ చేసి పెట్టినా, వాట్సాప్ గ్రూపులో రోజుకి నలభై మెసేజ్‌లు, మూడోరోజుకి అందరూ మ్యూట్ చేసినారు. పదోరోజు నిజంగా ఒక ఫేజు పోయింది, మెసేజ్ వచ్చింది, ఒక్కరూ చూడలేదు, మోటారు వైండింగ్ కాలిపాయ. ఇప్పుడు నాలుగే పెడతా:

లోడు ఫుల్ కెపాసిటీలో 90 శాతం దాటి పది నిమిషాలు అట్లే ఉంటే. ఆ పది నిమిషాలు ఎందుకంటే పెద్ద మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంటు ఎగరడం మామూలే.

ఫేజు పోతే, లేదా వోల్టేజీ 390 కిందికీ 440 పైకీ పోతే (415కి ఆరు శాతం అటూ ఇటూ). వోల్టేజీకి రెండు నిమిషాలు ఆగమనండి, ఫేజు పోతే ఆగేది లేదు.

ఆయిల్ వేడి. నేమ్‌ప్లేట్ మీద ఆయిల్ టెంపరేచర్ రైజ్ అని ఉంటాది, అంటే గాలి వేడి కంటే ఎంత పైకి పోవచ్చో అని. అది 40 అనుకుంటే, బయట 43 ఉన్నరోజు 83 దాకా ఫుల్ లోడులో వచ్చేదే. అదే డిసెంబర్‌లో బయట 20 ఉన్నప్పుడు ఆయిల్ 75 చూపిస్తే ఏదో తేడా ఉన్నట్టే. అందుకే ఒకే అంకె పెట్టొద్దు, రెండు సెన్సార్ల తేడా మీద అలారం పెట్టండి.

నాలుగోది, మోడెమ్ గంటసేపు పలకకపోతే సర్వరే మీకు చెప్పాలి. చాలామంది ఇది పెట్టరు. మెసేజ్ రాలేదంటే అంతా బాగుందనుకుంటారు, బాక్సు చచ్చి పదిరోజులై ఉంటాది.

రాత్రి వాచ్‌మెన్ దగ్గర చిన్న ఫోనే ఉంటాది కదా, ఆయనకి మెసేజ్ కాదు, కాల్ పోయేటట్లు పెట్టండి.

ఇప్పుడు సరిచూడటం

లోడు నడిచేటప్పుడు కూర్చోండి, ఒక మనిషి క్లాంప్ మీటరుతో, ఒక మనిషి ఫోనుతో. క్లాంప్ పెట్టే మనిషి ఎలక్ట్రీషియనే కావాలి, గ్లౌజులతో.

మూడు ఫేజుల ఆంపియర్లు క్లాంప్‌తో చూసి ఫోన్లో దానితో పోల్చండి. మూడు నాలుగు శాతం తేడా పర్వాలేదు. ఒక ఫేజులో మాత్రమే చాలా తక్కువుంటే సీటీ మూతి సరిగ్గా మూయలేదు, లేదంటే ఒక రన్ను బయట ఉండిపోయింది. మూడు ఫేజులూ 80 రెట్లు ఎక్కువ వస్తాంటే సీటీ రేషియో రెండుసార్లు గుణించినారు, మీటరులో 400/5 పెట్టి మళ్లీ సర్వర్‌లో కూడా పెట్టినారన్నమాట. 80 రెట్లు తక్కువైతే రెండు చోట్లా పెట్టలేదు.

తర్వాత ఒక్కో ఫేజు కిలోవాట్లు చూడండి. మైనస్ వస్తే ఆ సీటీ తిరగబడింది. ఇదే తప్పు నేను తాడిపత్రి దగ్గర ఒక యూనిట్లో చేసినా, మూడింట్లో ఒకటి తిరగబడితే ఆంపియర్లు మూడూ కరెక్టే వస్తాయి, కిలోవాట్ల మొత్తం మాత్రం మూడింట ఒక వంతే చూపిస్తాది. ఓనరు బిల్లు సగానికి సగం తగ్గుతాదని సంబరపడినాడు పాపం.

పవర్ ఫ్యాక్టర్ మూడు ఫేజుల్లో ఇంచుమించు ఒకటే ఉండాలి, మన లోడంతా త్రీ ఫేజ్ మోటార్లే కదా. ఒకటి 0.85, ఒకటి సున్నా దగ్గర, ఒకటి మైనస్ అని వస్తే వోల్టేజీ ఒక ఫేజుది, సీటీ ఇంకో ఫేజుది కలిసిపోయినాయి.

సెన్సారుకి: పాకెట్‌లో వేయకముందు మల్టీమీటరుతో ఓమ్స్ చూడండి. ఒకే రంగు వైర్లు రెండింటి మధ్య దాదాపు సున్నా, వేరే రంగుకి 35 డిగ్రీలప్పుడు 113.6 ఓమ్స్ రావాలి. మరిగే నీళ్లలో ముంచితే 138 దగ్గర ఉండాలి.

ఫేజు అలారం చూడాలంటే మనం పెట్టిన 2 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి తీయండి, మెయిన్ ఫ్యూజు కాదు. ఎంతసేపటికి ఫోన్ మోగిందో గడియారం చూడండి.

యాంటెన్నా విప్పి అరగంట తర్వాత మళ్లీ బిగించండి. ఆ అరగంట డేటా వెనకనుంచి వచ్చి గ్రాఫ్‌లో నిండాలి. గ్రాఫ్‌లో గుంత ఉండిపోతే మోడెమ్ దాచుకోవడం లేదు. టైము కూడా చూసుకోండి, అయిదున్నర గంటలు వెనక చూపిస్తాంటే మన టైము పెట్టలేదన్నమాట, మాపుటేళ లోడు మధ్యాహ్నం కనిపిస్తాది.

ఆఖరికి ఒక రోజు యూనిట్లు డిస్కమ్ మీటరుతో పోల్చండి. వాళ్ల మీటరు 11 కేవీ వైపు ఉంటాది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ నష్టం కూడా కలిసి వాళ్లది కొంచెం ఎక్కువే రావాలి. మనదే ఎక్కువ వస్తే మన దాంట్లో తప్పుందేమో చూసుకోండి.

ఫోన్లో వోల్టేజీ చూసి ఏం పోయిందో చెప్పేయొచ్చు

ఈ భాగం కోసమే నేను ఈ బాక్సులు ఇష్టపడతా. రాత్రి రెండు గంటలప్పుడు నిద్రమత్తులో ఫోన్ చూసినా అర్థమైపోతాది.

ఒక ఫేజు మామూలుగా 240, మిగతా రెండూ సగానికి పడి 120 దగ్గరుంటే 11 కేవీ వైపు ఒక హెచ్‌జీ ఫ్యూజు (హారన్ గ్యాప్ ఫ్యూజు) పోయింది, లేదా పై లైన్లోనే ఒక ఫేజు తెగింది. మోటారు తిరుగుతాంటే ఒక ఫేజు ఆంపియర్లు మిగతా రెండింటికి రెట్టింపు ఉంటాయి. వెంటనే లోడు ఆపించండి.

రెండు ఫేజులు బాగుండి ఒకటి సున్నా అయితే ఎల్‌టీ వైపే ఫ్యూజో లగ్గో పోయింది. మోటారు తిరుగుతాంటే మాత్రం పోయిన ఫేజులో కూడా ఎంతో కొంత వోల్టేజీ కనిపిస్తాది, అది మోటారు నుంచి వెనక్కి వచ్చేది, మోసపోవద్దు.

ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 బాగుండి, న్యూట్రల్‌తో చూస్తే ఒకటి 300, ఒకటి 170 అట్ల అడ్డదిడ్డంగా ఉంటే న్యూట్రల్ వదులైంది. మోటార్లకి ఏం కాదు కానీ ఆఫీసులో లైట్లు, కంప్యూటరు, టీవీ కాలిపోతాయి. చుట్టూ ఉన్న ఎర్త్ పిట్లు ఎండిపోయినాయేమో కూడా చూడండి, ఎండాకాలం వాటికి నీళ్లు పోయడం అందరూ మర్చిపోతారు.

ఇది చెప్పలేనివి కూడా ఉన్నాయి. బ్రీదర్‌లో సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగిందా, బుషింగ్ దగ్గర ఆయిల్ కారతాందా, రేడియేటర్ రెక్కల మధ్య బండల బురద గట్టిపడి గాలి ఆడటం లేదా, ఇవి ఏ బాక్సూ చెప్పదు. లోడు మామూలుగానే ఉండి ఆయిల్ వేడి వారం వారం పెరుగుతాంటే ముందు ఆ రెక్కలు చూడండి.

రైతన్నలకి

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 33 ఆంపియర్లకి. 5 హెచ్‌పీ మోటారు ఒకటి ఇంచుమించు 7 ఆంపియర్లు తీసుకుంటాది. నాలుగు మోటార్లు దర్జాగా నడుస్తాయి, అయిదోది ఎక్కితే ఒరుసుకుపోతాది, ఆరోది ఎక్కితే కాలేది ఖాయం. ఇది తెలుసుకునేదానికి బాక్సు అక్కర్లేదు, ఎన్ని మోటార్లున్నాయో లెక్కపెట్టుకుంటే చాలు.

మీ స్టార్టరు బాక్సు లోపల మీ ఇష్టం. మొబైల్ స్టార్టర్లు ఎట్లాగూ చాలామంది పెట్టుకున్నారు, మూడు ఫేజుల వోల్టేజీ మెసేజ్ పంపేది చూసి తీసుకోండి, పైన చెప్పిన 240, 120, 120 లెక్క అక్కడా అట్లే పనిచేస్తాది. వ్యవసాయం ఫీడరుకి పగలు 9 గంటలే త్రీ ఫేజ్ కాబట్టి మిగతా టైములో అలారం మోగకుండా పెట్టుకోండి. తేడా కనిపిస్తే 1912కి ఫోన్ చేసి స్తంభం మీద పెయింటుతో రాసుండే ఎస్ఎస్ నంబరు చెప్పండి, "మా చేను దగ్గర ట్రాన్స్‌ఫార్మర్" అంటే వాళ్లకి తెలియదు. "ఒక ఫేజు బాగుంది, రెండు సగానికి పడినాయి" అని చెప్తే లైన్‌మెన్ హెచ్‌జీ ఫ్యూజు వైరు పట్టుకునే బయలుదేరతాడు, రెండుసార్లు తిరిగే పని ఉండదు. 2021లో వచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ అనే కేంద్ర పథకంలో ట్రాన్స్‌ఫార్మర్లకి కూడా దూరం నుంచి చదివే మీటర్లు పెట్టేది ఉంది, మీ దానికి పెట్టింటే ఎట్లా చూసుకోవాలో సచివాలయం ఎనర్జీ అసిస్టెంట్‌ని అడగండి.

ఇంకొకటి, సిమ్ము సంగతి. 28 రోజుల రీచార్జి వేసి మర్చిపోయే కేసులే నాకు ఎక్కువ. బాక్సు పాడైపోయిందని బేతంచర్ల దాకా పిలిపించుకుంటారు, పోయి చూస్తే రీచార్జి అయిపోయింటాది, పెట్రోలు ఖర్చు నాది. ఏడాది ప్లాను వేయండి, లేదంటే 13 అంకెల ఎం2ఎం సిమ్ (ఇట్లాంటి మిషన్లకి ఇచ్చేది) తీసుకోండి, అయిపోయే తారీకు బాక్సు తలుపు లోపల మార్కర్‌తో రాయండి.